కాంతిని కొలబద్ద చేసిన తరం – ఆచార్య సూరి భగవంతం గారు

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు ఆదేశించారు. ముప్పై అయిదేళ్లు గుమాస్తాగా ఫైళ్ల మీద నోట్లు రాసినవాణ్ణే గాని వ్యాసాలు రాసిన అలవాటు నాకు లేదు. అయినా ఈ వేసవిలో మా ఇంట్లో వచ్చిన ఒక తగవు నాచేత ఈ నాలుగు మాటలు రాయిస్తోంది. తప్పులుంటే సభ్యమిత్రులు మన్నించాలి.

మా ఇల్లు హిమాయత్‌నగర్‌లో. మా మనవరాలు నారాయణగూడలో ఇంటర్ పూర్తిచేసి, ఇంజనీరింగు వద్దు, బి.ఎస్సీ.లో ఫిజిక్సు చదువుతానంది. మా అబ్బాయి ససేమిరా అన్నాడు. బి.ఎస్సీ. చదివితే ఆఖరికి అశోక్‌నగర్ కోచింగు సెంటర్లలో గ్రూప్స్ పరీక్షలకు కూర్చోవలసిందేనని వాడి వాదన. తీర్పు నా మీద పెట్టారు. ఒకప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్సులో సీటు వచ్చి కూడా, ఇల్లు గడవక ఉద్యోగంలో చేరినవాణ్ణి నేను. నాకు నోరు పెగల్లేదు.

ఫిజిక్సులో అంత ఏముందమ్మా అని అడిగితే పిల్ల ఒక సంగతి చెప్పింది. యాక్సిలరేటర్ యంత్రాల్లో ఎలక్ట్రాన్ల ధార కాంతివేగానికి అతి దగ్గరగా పరుగెడుతుంది. ఆ ధార ఎంత సన్నమో తెలియాలి. సన్నని లోహపు తీగను అడ్డంగా నడిపి కొలిచే పద్ధతి ఉంది. కాని ధార మరీ చిక్కనైతే తీగే కాలి తెగిపోతుంది. అందుకని తీగ బదులు లేజరు కిరణాన్ని అడ్డంగా నడుపుతారు. ఎలక్ట్రాన్లకు తగిలిన కాంతి శక్తి పుంజుకొని గామా కిరణాలుగా ముందుకు చెదురుతుంది. ధార నడుమ ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఆ లెక్కను బట్టి ధార మందం తెలుస్తుంది. రెండు లేజరు కిరణాలను కలిపి వెలుగు చారలు, చీకటి చారలు పుట్టించి, జపాన్‌లోని కె.ఇ.కె. పరిశోధనాలయంలో సుమారు 40 నానోమీటర్ల మందాన్ని కూడా కొలిచారట. మన వెంట్రుకలో దాదాపు రెండువేలవ వంతు!

కాంతి చెదరడం అనగానే నాకు భగవంతం గారు గుర్తొచ్చారు. మర్నాడే చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లి వారి గురించి దొరికినంత చదివాను.

వారు 1909 అక్టోబరు 14న కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. గుడివాడలో చదువుకొని, బి.ఎస్సీ.కి మన నిజాం కాలేజీకి వచ్చారు. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. 1928లో, ఇరవై ఏళ్లు నిండకుండానే, కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి వద్ద పరిశోధనకు చేరారు. ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరిన ఎక్స్‌రేల శక్తి మారుతుందని 1923లో కాంప్టన్ చూపించారు. మామూలు కాంతిలోనూ అలాంటి మార్పు ఉందని రామన్ గారు 1928 ఫిబ్రవరిలో నిరూపించారు. అప్పటికి లేజర్లు లేవు. పాదరసపు దీపం పెట్టుకొని, ఫొటో పలక మీద ఆ మసక గీత పడేదాకా గంటల తరబడి కాచుకోవాలి. ఆ ఓపికలో తయారైనవారు భగవంతం గారు. 1931లో గురువుగారితో కలిసి ఫోటాన్‌కు స్పిన్ ఉన్నదని ప్రయోగపూర్వకంగా చూపించారు.

1932లో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి అక్కడ భౌతికశాస్త్ర శాఖను పెంచారు. కాంతి పరిక్షేపణం మీద 1940లో గ్రంథం వెలువరించారు. తరువాత మన ఉస్మానియాకు ఆచార్యులుగా వచ్చి, 1952 నుంచి 1957 దాకా ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యారు. వారు ఆ పదవిలో ఉండగానే, 1960లో అమెరికాలో మొదటి లేజరు వెలిగింది. 1961 నుంచి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారు. మన నగరానికి రక్షణ పరిశోధనశాలలు వచ్చింది ఆ రోజుల్లోనే. 1989లో పరమపదించారు.

వారు ఎలక్ట్రాన్ ధారల జోలికి వెళ్లినవారు కారు. కాని పాదరసపు దీపంతో వారి తరం చదివిన విద్య, నేడు లేజరుతో ధారను కొలిచే విద్య, ఒకే చెట్టు కొమ్మలు. కాంతి చెదిరిన తీరును బట్టి, చెయ్యి పెట్టలేని చోటి కబురు తెలుసుకోవడమే రెండింటిలోనూ ఉన్నది. ఆ రోజుల్లో భగవంతం గారికీ ఇంట్లో ఎవరైనా అడ్డు చెప్పి, ఒక సర్కారీ నౌకరీ చూసుకోమని ఉంటే?

ఆ రాత్రి మా అబ్బాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. నేను వదులుకున్న సీటు సంగతి కూడా, వాడి దగ్గర మొదటిసారిగా, చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున లేచి తానే అప్లికేషను మీద సంతకం పెట్టాడు. ఇండోర్‌లో 2005 నుంచి ఇండస్-2 ఎలక్ట్రాన్లను తిప్పుతోంది, పిల్లకు పని దొరకకపోదని ఇప్పుడు నాతో వాడే అంటున్నాడు.

మన సభ్యుల ఇళ్లలోనూ ఇలాంటి తగవులు వస్తుంటాయి. మధ్యవర్తిత్వం మన మీద పడితే, తీర్పు చెప్పేముందు ఒక్కసారి భగవంతం గారిని తలుచుకోమని నా మనవి.