దంతవైద్య మార్గదర్శి ఎడ్మండ్ కెల్స్

నోటిలో పైకి కనిపించే పన్ను కొంత భాగమే. దానిని నిలబెట్టే వేరు చిగురు కింద, దవడ ఎముకలో దాగి ఉంటుంది. వేరు కొనలో చీము పట్టినా, రెండు పళ్ళ మధ్య పిప్పి ఏర్పడినా, జ్ఞానదంతం ఎముకలో అడ్డంగా పెరిగినా పైనుండి చూసేవారికి తెలియదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి వరకు దంతవైద్యుడు రోగి చెప్పిన బాధను, తన చేతి స్పర్శను, అనుభవాన్ని మాత్రమే ఆధారం చేసుకొని వైద్యం చేసేవాడు. నేడు రోగి కుర్చీలో కూర్చొని ఉండగానే పంటి వేరు ఛాయాచిత్రం కంప్యూటర్ తెరపై క్షణాలలో ప్రత్యక్షమవుతున్నది. ఈ సౌకర్యానికి తొలినాళ్ళలో బాట వేసినవారిలో అమెరికా దేశీయుడైన చార్లెస్ ఎడ్మండ్ కెల్స్ ముఖ్యుడు. ఆ బాట వేయడానికి ఆయన చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు.

కెల్స్ 1856లో లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో జన్మించాడు. మిసిసిపీ నదీతీరాన వెలసిన ఆ నగరంలో ఆయన తండ్రి పేరుపొందిన దంతవైద్యుడు. తండ్రి బాటలోనే నడవదలచిన కెల్స్ న్యూయార్క్ దంతవైద్య కళాశాలలో చేరి 1878లో పట్టా పొందాడు. ఆనాడు విద్యుచ్ఛక్తి అప్పుడప్పుడే ప్రజాజీవితంలోకి అడుగుపెడుతున్నది. యంత్రాలన్నా, విద్యుత్తన్నా కెల్స్‌కు ఎనలేని ఆసక్తి. స్వస్థలానికి తిరిగి వచ్చి తండ్రితో కలిసి వృత్తిని ప్రారంభించిన తరువాత కూడా ఆ ఆసక్తి తగ్గలేదు. దంతవైద్యులు కాలితో తొక్కి పనిముట్లను తిప్పుకునే రోజులలోనే తన వైద్యశాలలో విద్యుత్తును ప్రవేశపెట్టిన తొలి తరం వైద్యులలో ఆయన ఒకడు. శస్త్రచికిత్స వేళ రక్తాన్ని, లాలాజలాన్ని పీల్చివేసే పంపు మొదలుకొని అనేక పరికరాలను ఆయన రూపొందించాడు. ఆయన పేర సుమారు 30 పేటెంట్లు ఉన్నాయి.

స్త్రీలు ఒంటరిగా దంతవైద్యుని వద్దకు వెళ్ళడానికి సంకోచించే కాలమది. ఆ ఇబ్బందిని గ్రహించిన కెల్స్ 1885లో తన వైద్యశాలలో ఒక మహిళను సహాయకురాలిగా నియమించాడు. లోపల మహిళా సహాయకురాలు ఉన్నదని తెలియజేసే బోర్డును కిటికీలో పెట్టించాడు. దంతవైద్యశాలలలో మహిళలు సహాయకులుగా పనిచేసే సంప్రదాయానికి ఇది నాంది పలికింది.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. మాంసాన్ని సులువుగా దాటిపోయి ఎముక వద్ద అడ్డగింపబడే ఆ కిరణాలు శరీరాంతర్భాగాల నీడలను ఛాయాచిత్ర ఫలకంపై ముద్రించగలవు. ఈ వార్త కొద్ది వారాలలోనే లోకమంతటా వ్యాపించింది. 1896 జనవరిలో జర్మనీకే చెందిన ఒట్టో వాల్‌కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్ళకే ఎక్స్-కిరణ చిత్రం తీయించుకున్నాడు. అందుకోసం ఆయన 25 నిమిషాలపాటు కదలక మెదలక ఉండవలసి వచ్చింది.

న్యూ ఆర్లియన్స్‌లోని తులేన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడొకరు ఈ కిరణాలను ప్రదర్శించగా చూసిన కెల్స్ మనస్సులో ఒక మెరుపు మెరిసింది. చేతి ఎముకలను చూపగలిగిన కిరణాలు దవడలో దాగిన పంటి వేర్లను మాత్రం చూపలేవా అని ఆయన ఆలోచించాడు. వెంటనే పరికరాలు సమకూర్చుకొని 1896లోనే సజీవుడైన మనిషి పళ్ళకు చిత్రాలు తీశాడు. అమెరికాలో ఈ పని చేసిన తొలి దంతవైద్యుడు ఆయనేనని చరిత్రకారులు పేర్కొంటారు. నోటిలో ఫిల్మును కదలకుండా నిలిపి ఉంచే సాధనాన్ని కూడా తానే తయారు చేసుకున్నాడు. అదే సంవత్సరం జూలైలో ఆష్‌విల్ పట్టణంలో జరిగిన దక్షిణాది దంతవైద్యుల సమావేశంలో ఈ విధానాన్ని తోటివారి ఎదుట ప్రదర్శించాడు.

1899లో కెల్స్ మరొక ముందడుగు వేశాడు. పంటి వేరులోని నాళాన్ని శుభ్రపరచి పూడ్చే చికిత్సను నేడు రూట్ కెనాల్ అంటున్నాము. ఆ నాళం ఎంత పొడవున్నదో వైద్యునికి ఊహే గాని దృష్టి లేదు. కెల్స్ నాళంలో సన్నని సీసపు తీగను ఉంచి ఎక్స్-కిరణ చిత్రం తీశాడు. సీసం కిరణాలను అడ్డగిస్తుంది కనుక తీగ ఎంతవరకు చేరిందో చిత్రంలో స్పష్టంగా కనిపించింది. పీకివేయవలసి వచ్చే పళ్ళెన్నింటినో నిలుపుకునే మార్గం దీనితో తెరచుకున్నది.

అయితే ఆనాటి ఎక్స్-కిరణ గొట్టాలు నిలకడలేనివి. లోపల మిగిలిన స్వల్పమైన వాయువును బట్టి వాటి శక్తి పూటపూటకూ మారుతుండేది. రోగికి చిత్రం తీయబోయే ముందు గొట్టం సరిగా పనిచేస్తున్నదో లేదో పరీక్షించవలసి వచ్చేది. అందుకు ఆనాటివారికి తెలిసిన సులువైన పద్ధతి ఒక్కటే. వైద్యుడు తన చేతిని గొట్టానికి, వెలుగు తెరకు మధ్య ఉంచి, తన ఎముకల నీడ స్పష్టపడేవరకు గొట్టాన్ని సవరించుకునేవాడు. కెల్స్ కూడా అలాగే చేశాడు. రోగి ఒక్కసారి కిరణాలకు గురైతే ఆయన చేయి రోజూ, ఏళ్ళ తరబడి గురయింది. ఆ కిరణాలు కంటికి కనిపించవు, తాకితే వేడి తగలదు, బాధ కలగదు. అందుకే ఎవరూ భయపడలేదు.

హెచ్చరించినవారు లేకపోలేదు. బోస్టన్ నగరానికి చెందిన విలియం రోలిన్స్ కూడా దంతవైద్యుడే. ఆయన గినీ పందులపై ప్రయోగాలు చేసి, పైకి కాలిన గుర్తులు లేకున్నా ఎక్స్-కిరణాలు ప్రాణం తీయగలవని 1901లో ప్రకటించాడు. గొట్టానికి సీసపు కవచం ఉండాలని, అవసరమైన చోటికే కిరణాలు ప్రసరించాలని సూచించాడు. ఆ మాటలను ఆనాడు లక్ష్యపెట్టినవారు కొద్దిమందే.

కొన్నేళ్ళకు కెల్స్ చేతి చర్మం ఎండి పగిలింది. మానని పుండ్లు లేచాయి. అవి క్యాన్సర్‌గా పరిణమించాయి. శస్త్రచికిత్సలు ముప్పైకి పైగా జరిగాయి. మొదట వేళ్ళు పోయాయి, తరువాత చేయి పోయింది. చేతి నైపుణ్యమే జీవనాధారమైన వైద్యునికి అంతకు మించిన విషాదం ఉండదు. అయినా ఆయన ఆ కిరణాలను నిందించలేదు. తాను తెలుసుకున్న ప్రమాదాన్ని తోటివారికి చెప్పి, జాగ్రత్త వహించమని బోధిస్తూ వచ్చాడు.

అదే కాలంలో ఆయన మరొక పోరాటానికి సిద్ధపడ్డాడు. కీళ్ళనొప్పులు మొదలుకొని మానసిక రుగ్మతల వరకు అనేక వ్యాధులకు పళ్ళలో దాగిన చీమే మూలమనే వాదం 1910 తరువాత అమెరికాలో ప్రబలింది. ఎక్స్-కిరణ చిత్రంలో వేరు కొన దగ్గర చిన్న మచ్చ కనిపిస్తే చాలు, పన్ను పీకివేయమని వైద్యులు ఆదేశించసాగారు. వేలాదిమంది తమ పళ్ళను అనవసరంగా కోల్పోయారు. పళ్ళను కాపాడడానికై తాను ప్రవేశపెట్టిన సాధనం పళ్ళను నాశనం చేయడానికి సాక్ష్యంగా మారడం కెల్స్ సహించలేకపోయాడు. చిత్రం ఒక నీడ మాత్రమేనని, రోగిని పరీక్షించకుండా నీడను చూసి తీర్పు చెప్పరాదని 1920లో తన వృత్తి పత్రికలో తీవ్రంగా ఖండించాడు. ఈ దురాచారాన్ని ఆ యుగపు నేరంగానే ఆయన పరిగణించాడు. ఎక్స్-కిరణాల వల్ల చేతిని కోల్పోతున్న మనిషి, ఆ కిరణాలు సత్యాన్నే పలకాలని పట్టుబట్టడం ఆయన వ్యక్తిత్వంలోని ఔన్నత్యం.

శరీరం పూర్తిగా సడలిపోయింది. నొప్పి భరింపరానిదయింది. 1928 మే నెలలో, తన డెబ్బై రెండవ ఏట, కెల్స్ తన జీవితాన్ని తానే ముగించుకున్నాడు. ఎక్స్-కిరణ విజ్ఞానానికి బలియైన వైద్యుల వరుసలో ఆయన పేరు నిలిచిపోయింది.

ఆ తరువాతి తరాలు ఆయన అనుభవం నుండి గుణపాఠం నేర్చుకున్నాయి. విలియం కూలిడ్జ్ 1913లో రూపొందించిన నిలకడైన గొట్టం వ్యాప్తిలోకి వచ్చాక చేతిని అడ్డుపెట్టి పరీక్షించే అగత్యం తప్పింది. ఫిల్ములు చురుకైనవి కావడంతో నిమిషాలు క్షణాలుగా తగ్గాయి. 1987లో ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు ఫ్రాన్సిస్ మూయెన్ ఫిల్మే అవసరం లేని పద్ధతిని ప్రపంచానికి అందించాడు. దాని పేరు రేడియోవిజియోగ్రఫీ. నేటి దంతవైద్యశాలలలో వినిపించే ఆర్.వి.జి. అనే మాట ఈ పేరుకు సంక్షిప్త రూపం.

ఈ పద్ధతిలో ఫిల్ముకు బదులు సెన్సర్ అనే చిన్న ఫలకాన్ని నోటిలో ఉంచుతారు. పళ్ళను దాటి వచ్చిన ఎక్స్-కిరణాలు ఫలకంపై పడి మొదట కాంతిగా, ఆపై విద్యుత్ సంకేతాలుగా మారుతాయి. కంప్యూటర్ ఆ సంకేతాలను అంకెలుగా గ్రహించి తెరపై చిత్రంగా కూర్చుతుంది. చీకటి గది, రసాయనాలు అక్కరలేదు. చిత్రాన్ని పెద్దది చేయవచ్చు. నలుపు తెలుపులను సవరించవచ్చు. పాత చిత్రంతో పోల్చి వ్యాధి పెరిగినదో తగ్గినదో తెలుసుకోవచ్చు. చూపిస్తూ వివరించినప్పుడు రోగికి కూడా తన పంటి స్థితి బోధపడుతుంది. ఫిల్ముకంటే తక్కువ కిరణాలతోనే పని జరగడం అన్నింటికన్నా గొప్ప లాభం. ఒక చిన్న పంటి చిత్రానికి అందే కిరణ మోతాదు ప్రకృతి నుండి మనిషికి ఒక రోజులో సహజంగా అందే వికిరణంతో పోల్చదగినంత స్వల్పం.

అంత స్వల్పమైనా అజాగ్రత్తకు తావీయరాదు. అవసరం ఉన్నప్పుడే చిత్రం తీయాలని, కిరణపుంజాన్ని పంటి మేరకే పరిమితం చేయాలని నిపుణులు నేటికీ చెబుతున్నారు. చిత్రం తీసే సమయంలో వైద్యుడు ఫలకాన్ని తన వేలితో పట్టుకోరాదు. దూరంగానో, అడ్డుగోడ వెనుకనో నిలబడాలి. మన దేశంలో దంత ఎక్స్-రే యంత్రాల వినియోగాన్ని అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తున్నది. తెర ఎంత స్పష్టంగా ఉన్నా అందులో కనిపించేది నీడే కనుక, రోగి నోటిని స్వయంగా పరీక్షించే బాధ్యత వైద్యునికి తప్పదు.

ఇవన్నీ కెల్స్ నాడు చెప్పిన మాటలే, ఆయన చేయి నేర్పిన పాఠాలే. నేడు మీట నొక్కి తలుపు చాటున నిలబడే ప్రతి దంతవైద్యుడూ ఆయనకు రుణపడి ఉన్నాడు.