పన్నెండేళ్ల ప్రచురణకర్త

‘ట్రెజర్ ఐలాండ్’ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1850లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టారు. దీపస్తంభాలు కట్టే ఇంజనీర్ల వంశం వారిది. చిన్నప్పటి నుంచీ ఊపిరితిత్తుల జబ్బు. బడి సరిగా సాగలేదు. తనకు రాయడం పట్టుబడక ముందే కథలు చెబుతుంటే తల్లి రాసిపెట్టేవారు. ఇంజనీరింగ్ మొదలుపెట్టి మానేశారు, లా పూర్తిచేసినా వకీలుగా నిలవలేదు.

1880లో కాలిఫోర్నియాలో ఫానీని పెళ్లి చేసుకున్నారు. ఆమె మొదటి పెళ్లి కొడుకు లాయిడ్‌కు అప్పుడు పన్నెండేళ్లు. ఆ రోజుల్లో అమెరికాలో పిల్లల కోసం బల్ల మీద పట్టే చిన్న అచ్చుయంత్రాలు అమ్మేవారు. లాయిడ్‌కూ ఒకటుండేది. స్టీవెన్‌సన్ వైద్యం కోసం స్విట్జర్లాండ్‌లోని దావోస్‌కు వెళ్లినప్పుడు అదీ వెంట వెళ్లింది.

అక్కడ రెండు చలికాలాలు. బయట మంచు, చుట్టూ క్షయరోగులు, తోటి పిల్లలు తక్కువ. కుర్రవాడు ఒక్కొక్క సీసపు అక్షరాన్నీ తిరగేసి పేర్చి, సిరా పూసి, కచేరీల కార్యక్రమ పత్రాలు అచ్చువేసి డబ్బు తీసుకునేవాడు. తర్వాత తను రాసిన కథనే పుస్తకంగా వేశాడు. అప్పుడు సవతి తండ్రి ఏం చేశారో చూడండి. తప్పులు దిద్దే పెద్దమనిషిగా కాదు, ఆ అచ్చాఫీసుకు రచయితగా చేరారు! 1881లో ఆయన పద్యాల పుస్తకం ‘నాట్ ఐ’ 50 ప్రతులు, మరుసటి ఏడాది ‘మోరల్ ఎంబ్లమ్స్’ 90 ప్రతులు వెలువడ్డాయి. రెండో దానికి చెక్కదిమ్మెల మీద బొమ్మలు కూడా ఆయనే చెక్కారు. పేరు ముఖ్యం కనుక నీతిపద్యాలనుకునేరు, అవి నీతిపద్యాలను వెక్కిరించే సరదా పద్యాలు. కొన్నవారు హోటల్లోని తోటి రోగులు, స్నేహితులు.

ఈ రెండు చలికాలాల మధ్యనే, 1881 వేసవిలో, స్కాట్లండ్‌లో వాన పట్టిన సెలవుల్లో లాయిడ్‌తో రంగులాటలో పుట్టిన దీవి పటం నుంచి ‘ట్రెజర్ ఐలాండ్’ మొదలైంది. సగంలో ఆగిపోయింది. దావోస్ తిరిగి చేరాక రోజుకో అధ్యాయం చొప్పున పూర్తయింది. 1883లో పుస్తకంగా వచ్చినప్పుడు లాయిడ్‌కే అంకితమిచ్చారు.

స్టీవెన్‌సన్ 1894లో సమోవా దీవిలో, 44 ఏళ్లకే కన్నుమూశారు. ఆ లోగా ‘ది రాంగ్ బాక్స్’, ‘ది రెకర్’, ‘ది ఎబ్ టైడ్’ అనే మూడు నవలలు ఇద్దరి పేర్లతో వచ్చాయి. రెండో పేరు లాయిడ్ ఆస్‌బోర్న్‌ది.