ఆరుగురి నవ్వుకు జేజేలు

1969 అక్టోబర్ 5, ఆదివారం రాత్రి పొద్దుపోయాక బీబీసీలో ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ హాస్య కార్యక్రమం మొదలైంది. దాన్ని సృష్టించిన మాంటీ పైథాన్ హాస్యబృందం ఇప్పుడు షష్టిపూర్తికి చేరువవుతోంది. దేశదేశాల అభిమానులతో గొంతు కలిపి, తెలుగు హాస్యప్రియుల పక్షాన ఈ వార్షికోత్సవ వేళ హార్దిక శుభాభినందనలు!

కేంబ్రిడ్జిలో చదివిన జాన్ క్లీజ్, గ్రాహం చాప్‌మన్, ఎరిక్ ఐడిల్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మైఖేల్ పేలిన్, టెర్రీ జోన్స్. అమెరికా నుంచి వచ్చిన బొమ్మల మాంత్రికుడు టెర్రీ గిలియం. రాసిందీ వాళ్లే, ఆడిందీ వాళ్లే, గౌన్లు తొడిగి ఆడవేషాలు కట్టిందీ ఎక్కువగా వాళ్లే. స్కెచ్ చివర ఒక చమక్కు పేలి తీరాలన్న ఆనవాయితీని తోసిరాజన్నారు. గిలియం యానిమేషన్‌లో ఓ పెద్ద పాదం దిగి తెరను తొక్కేసేది. చచ్చిన చిలకను నిద్రపోతోందని బుకాయించే దుకాణదారు, వెర్రి నడకలకో మంత్రిత్వ శాఖ నేటికీ పాతబడలేదు. ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగిన మనకు ఆ శాఖ వింతగా కూడా తోచదు!

1974తో 45 ఎపిసోడ్లు ముగిశాయి. ఆపాల్సిన చోట ఆపడమూ ప్రతిభే. 1975లో వారి సినిమా ‘హోలీ గ్రెయిల్’కు పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్లిన్ రాక్ బృందాలు పెట్టుబడి పెట్టాయి. అయినా గుర్రాలకు డబ్బు చాలలేదు. కొబ్బరి చిప్పలు టకటకలాడిస్తూ ఆర్థర్ రాజు చేత స్వారీ చేయించారు. తర్వాతి సినిమా ‘లైఫ్ ఆఫ్ బ్రయన్’కు ఈఎంఐ సంస్థ చివరి క్షణంలో చేతులెత్తేస్తే, బీటిల్స్ బృందానికి చెందిన జార్జ్ హారిసన్ ఇల్లు తాకట్టు పెట్టి ఆదుకున్నాడు, ఆ సినిమా చూడాలన్న కోరికతో! 1979లో విడుదలైన ఆ చిత్రాన్ని నార్వే నిషేధిస్తే, అంత నవ్వొచ్చే సినిమా కనుకే నిషేధించారంటూ పొరుగున స్వీడన్‌లో ప్రచారం చేసుకున్నారు. 1983లో ‘మీనింగ్ ఆఫ్ లైఫ్’ కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి గెలుచుకుంది.

ఫ్లయింగ్ సర్కస్ ఇరవయ్యో వార్షికోత్సవానికి ఒక్కరోజు ముందు చాప్‌మన్ కన్నుమూశాడు. అతని సంస్మరణ సభలోనూ మిత్రులు నవ్వించే వీడ్కోలు పలికారు. 2014లో మిగిలిన ఐదుగురు లండన్ ఓటూ ఎరీనాలో పది ప్రదర్శనలిచ్చారు. 2020లో జోన్స్ వెళ్లిపోయాడు. ఆ ఇద్దరికీ నివాళి.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు రోజూ రాసే పైథాన్ కంప్యూటర్ భాషకు దాని సృష్టికర్త గీడో వాన్ రోసమ్ ఆ పేరు పెట్టింది పాముని చూసి కాదు, ఈ బృందం మీది ఇష్టంతో. కోడ్ రాసే చేతులారా, ఈ అక్టోబర్ 5న ఓ అరగంట పని ఆపి ఆ చిలక స్కెచ్ చూడండి. ఉన్న నలుగురికీ ఆయురారోగ్యాలు, వారి నవ్వుకు శతవసంతాలు కోరుతూ మాతో చప్పట్లు కలపండి!