రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (మే 13, 1857 - సెప్టెంబర్ 16, 1932) మలేరియా పరాన్నజీవి దోమ శరీరంలో పెరుగుతుందని కనుగొన్న బ్రిటిషు వైద్యుడు. ఇతడు అల్మోరాలో జన్మించి, 1881లో భారత వైద్య సేవలో చేరాడు.

నంద్యాల, ఆళ్ళగడ్డలకు తూర్పున గల నల్లమల వంటి అడవులలో సోకే చలిజ్వరానికి చెడుగాలే కారణమని అప్పట్లో చాలామంది నమ్మేవారు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఇందుకు దోమలే కారణం కావచ్చునని రాస్‌కు వివరించాడు. 1895లో సికింద్రాబాదు చేరిన రాస్ రెండేళ్ళకు పైగా దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించినా ఫలితం దక్కలేదు. అవి మలేరియాను మోసే జాతి దోమలు కావు.

1897 ఆగస్టులో హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకొని అనాఫిలిస్ దోమలతో కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న అటువంటి ఒక దోమ పొట్ట గోడలో రాస్‌కు పరాన్నజీవి కనిపించింది. 1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధించి, అది దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించాడు. మనుషులలోనూ ఇలాగే జరుగుతుందని అదే సంవత్సరం ఇటలీ శాస్త్రవేత్తలు నిర్ధారించారు.

రాస్‌కు 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఇతడు లండన్‌లో మరణించాడు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు.