సోడా దుకాణం ఆదాయంతో దంత కళాశాల: డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ జీవనయానం

పన్ను నొప్పి మొదలైతే లవంగం నొక్కిపెట్టి ఓర్చుకోవడం, ఇక భరించలేమన్న దశలో మాత్రమే వైద్యుని గడప తొక్కడం మనలో చాలామందికి అలవాటు. ఈ జాప్యానికి బద్ధకం కంటే భయమే పెద్ద కారణం. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది. దాని గతిని మార్చడానికి జీవితమంతా శ్రమించిన వ్యక్తి, భారతీయ దంతవైద్య పితామహుడిగా పేరొందిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్.

ఆయన 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్‌లో జన్మించారు. అప్పటికి దేశంలో దంతవైద్యం నేర్పే కళాశాల ఒక్కటీ లేదు. సామాన్యులకు తెలిసిన చికిత్స పన్ను పీకించుకోవడమే. ఆ పని చాలాచోట్ల శిక్షణ లేని చేతుల్లో, మత్తుమందు లేకుండా, వీధి పక్కనే జరిగిపోయేది. అలాంటి అనుభవం ఎదురైనవారు మరోసారి నోరు తెరవడానికి వణకడంలో ఆశ్చర్యం లేదు.

అలీగఢ్‌లో చదువు ముగించిన అహ్మద్ అమెరికా వెళ్లి, అయోవా విశ్వవిద్యాలయం నుంచి 1915లో దంతవైద్య పట్టా పొందారు. అనంతరం 1918 వరకు బోస్టన్‌లోని ఫోర్సైత్ బాలల దంత చికిత్సాలయంలో పనిచేశారు. పేద పిల్లల కోసం 1914లో ప్రారంభమైన ఆ సంస్థలో, పిల్లలు వేచి ఉండే గది గోడలపై కథల బొమ్మలతో పలకలు అమర్చారు. కుర్చీ ఎక్కకముందే పసివారి మనసు కుదుటపడాలన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. పళ్లు పాడయ్యాక పీకడం కాదు, చిన్ననాటి నుంచే కాపాడటం అక్కడి లక్ష్యం.

1919లో స్వదేశానికి తిరిగివచ్చిన ఆయన, మరుసటి ఏడాది కలకత్తాలో దేశపు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు. దాని నిర్వహణకు నిధులు సమకూర్చింది ఆయనే ప్రారంభించిన న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే దుకాణం. తీపి పానీయాలపై వచ్చిన సొమ్ము పంటి వైద్యం నేర్పడానికి ఉపయోగపడటం ఒక విచిత్రం. తొలి మూడేళ్లలో విద్యార్థులు 11 మందే. అయినా ఆయన వెనుదీయలేదు. మహమ్మద్ అలీ జిన్నా సోదరి ఫాతిమా జిన్నా ఇక్కడే చదివి, 1923లో బొంబాయిలో దంత వైద్యశాల తెరిచారు.

కళాశాల ఒక్కటే చాలదని అహ్మద్ గ్రహించారు. 1925లో దంతవైద్య పత్రికను ప్రారంభించి రెండు దశాబ్దాలకు పైగా సంపాదకత్వం వహించారు. అదే ఏడాది బెంగాల్ దంతవైద్యుల సంఘాన్ని నెలకొల్పారు. 1939లో బెంగాల్‌లో, 1948లో దేశవ్యాప్తంగా దంతవైద్యుల చట్టాలు వచ్చాయి. వాటి వెనుక ఆయన కృషి ఉంది. అర్హత, నమోదు తప్పనిసరి కావడంతో రోగి ఎవరి చేతిలో తన నోరు పెడుతున్నాడో తెలుసుకునే వీలు కలిగింది. 1949లో తన కళాశాలను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించారు. అనంతరం 1962 వరకు రాష్ట్ర మంత్రిగా సేవలందించారు. 1964లో పద్మభూషణ్ పురస్కారం అందుకుని, 1965 ఫిబ్రవరి 9న కన్నుమూశారు.

శిక్షణ పొందిన వైద్యులు నేడు పట్టణాలన్నిటా ఉన్నారు. మిగిలినది రోగి వేయవలసిన అడుగే. పంటిపై పేరుకునే పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చి, పైపొర అయిన ఎనామెల్‌ను కరిగిస్తాయి. ఆ పొరలో నరాలు లేనందున తొలి దశలో నొప్పి తెలియదు. నొప్పి తెలిసేసరికి పుచ్చు లోపలికి చేరి ఉంటుంది. చిగుళ్ల వ్యాధి సైతం చాలాకాలం నిశ్శబ్దంగానే సాగుతుంది. అందుకే ఆరు నెలలకో, ఏడాదికో, వైద్యుడు సూచించిన గడువులో పరీక్ష అవసరం. తొలి దశలో చిన్న పూరకంతో సరిపోయేది, ఆలస్యమైతే రూట్ కెనాల్ వరకో, పన్ను తీసివేత వరకో వెళుతుంది. భయపడి వాయిదా వేసినవారికే చివరకు భయపడినంత చికిత్స ఎదురవుతుంది.

భయాన్ని దాచుకోనవసరం లేదు. ముందే వైద్యునితో చెప్పాలి. తొలిసారి కేవలం పరీక్షకే వెళ్లవచ్చు. చేయి ఎత్తితే పని ఆపాలన్న సంకేతం ముందుగా కుదుర్చుకుంటే పగ్గాలు మన చేతిలోనే ఉన్నాయన్న ధైర్యం కలుగుతుంది. నిదానంగా శ్వాస తీసుకోవడం, నమ్మకమైనవారిని తోడు తీసుకెళ్లడం మేలు చేస్తాయి. తిమ్మిరి సూది ఇచ్చాక కూడా నొప్పి తెలిస్తే వెంటనే చెప్పాలి. పిల్లలను నొప్పి లేనప్పుడే తీసుకెళ్లాలి, సూది పేరుతో బెదిరించరాదు.

కోల్‌కతాలోని ఆ కళాశాల నేడు డాక్టర్ ఆర్. అహ్మద్ దంత కళాశాల, ఆసుపత్రిగా ఆయన పేరుతోనే కొనసాగుతోంది. నొప్పి లేని రోజున పంటి వైద్యుని కలవడమే ఆయన కృషిని సార్థకం చేస్తుంది.