మన్రో దొర మళ్లీ రాడు, నాపబండ ఎవురు మారుస్తారు?

పోయిన వానాకాలం మా అవ్వ సంతకు నడుచుకుంటా పోతాంటే మురుగుకాలవ మీద పరిచిన నాపబండ ఇరిగింది. కాలు లోపలికి పోయి మోకాలి కింద ఎముక ఇరిగింది. ఆఫీసుకు పోయి అడిగితే, చూసుకోని నడవాల గదా అన్నారు. ఆ బండ పగిలిందని ఊరంతా ముందే తెలుసు. మంచంలో ఉన్న అవ్వ మాత్రం, మన్రో దొర ఉండింటే ఇట్ల జరిగేదా అనింది.

పత్తికొండ పక్క ముసలోళ్లకు ఈ పేరు ఇంకా దేవుని పేరు మాదిరే. పిల్లోళ్లకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సీమ ఇది. ఇంతకూ ఎవురు ఆయప్ప?

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టినాడు. పద్దెనిమిదేండ్లకే ఈస్టిండియా కంపెనీ పటాలంలో చేరి మద్రాసులో దిగినాడు. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి రాసిచ్చినాడు. దత్తమండలాలు అనే పేరు అందుకే వచ్చింది. వాటికి తొలి పెద్ద కలెక్టరు మన్రోనే. ఏడేండ్లు గుడారాలు వేసుకోని ఊరూరు తిరిగినాడు. భూములు కొలిపించి, నడుమ జమీందారు లేకుండా రైతు పేరు మీదనే శిస్తు కట్టినాడు. రైత్వారీ అంటే అదే.

అట్లని పటం కట్టి పూజ చేయాల్సిన పనిలేదు, నా లెక్కలో. 1801లో మన పక్కనే ఉండే తెర్నేకల్ జనం శిస్తు మీద తిరగబడితే కంపెనీ పటాలం వచ్చి కోటను కొట్టింది. ముత్తుకూరు గౌడప్పను ఉరి తీసినారు. ఆ కాలం కలెక్టరూ మన్రోనే. ఈ కత మా అవ్వకు తెల్దు, ఎవురూ చెప్పలేదు.

ఇంకోటి కూడా ఉంది. శిస్తు మరీ బరువైందని ఆయప్పకే అర్థమైంది. 1807లో సీమకు పోయే ముందర నాలుగో వంతు తగ్గించండి అని రాసినాడు. పైనోళ్లు వినలేదు. మన్రోనే 1820లో మద్రాసు గవర్నరై తిరిగొచ్చి తగ్గించినాడు. అంటే పదమూడేండ్లు. తప్పు తెలిసిన మనిషే పెద్ద కుర్చీలోకి వచ్చినందుకు సరిపోయింది. రాకపోయింటే రైతు ఎవురిని అడగాల?

1827లో కొలువు చాలించి ఇంటికి పోవాలనుకుంటా, చివరిసారి సీమను చూసిపోదామని వచ్చినాడు. దండులో కలరా పడింది. జూలై 6న పత్తికొండలో పోయినాడు. గుత్తిలో పాతిపెట్టి, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకుపోయినారు. ఆయప్ప పోయిన చోట సర్కారు బావి తవ్వించి తోపు వేయించింది. దావన పోయేటోళ్లకు నీళ్లు, నీడ. మంచిదే. కానీ అది దయ. ఆ బావి మెట్టు జారి ఎవురైనా పడింటే?

ఈడనే అసలు సంగతి. మన్రో పనిచేసిన కంపెనీ వ్యాపారం చేసేది గాబట్టి దానిమీద దావా వేయచ్చు. 1858లో కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది. కలకత్తాలో కిదిర్‌పూర్ రేవు కాడ సర్కారు పనోళ్లు రోడ్డు మీద బరువైన ఇనుప సామాను మోస్తా పడేస్తే, ఆ చప్పుడుకు ఒక ఓడల కంపెనీ బండి గుర్రం బెదిరి దెబ్బతినింది. కంపెనీ మీద దావా చెల్లేదైతే సర్కారు మీదా చెల్లుతుందని 1861లో అక్కడి పెద్ద కోర్టు చెప్పింది. గుర్రానికి 350 రూపాయలు వచ్చినాయి. రాజ్యాంగం 300వ అధికరణం కూడా ఆ దావనే నడిచింది. రాజ్యాధికారంతో చేసే పనులకు మాత్రం మినహాయింపు ఉందన్నారు. సర్కారు చానా ఏండ్లు ఆ మాట చాటునే దాక్కుంది.

ఢిల్లీ చాందినీ చౌక్‌లో పాత గడియారం స్తంభం కూలి దావన పోయేటోళ్లు సచ్చిపోతే, లోపలి లోపం మాకు కనపళ్లేదంటే కుదరదు, చూసుకోవాల్సింది మీరే అని 1966లో సుప్రీంకోర్టు కార్పొరేషన్‌కు చెప్పింది. మన కోవెలకుంట్ల సబ్‌జైలులో 1977లో బాంబు పడి ఒకాయన పోయిన కేసులో, మనిషి ప్రాణం ముందర రాజ్యాధికారం సాకు చెల్లదని 2000లో తేల్చింది.

మరి కాలవ మీద బండ పరచడం యే రాజ్యాధికారం? యుద్ధమా, సంధా? చూసుకోని నడువు అనేది చట్టం కాదు, నోటి మాట.

బండ పగిలిన ఫోటో, తేదీ, ఆస్పత్రి కాయితం, అర్జీ ఇచ్చిన రసీదు, ఇవి దగ్గర పెట్టుకోండి. సర్కారు మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందర నోటీసు ఇయ్యాల. అది తెలియక పోగొట్టుకున్న కేసులు ఉండాయి.

మా అవ్వ నోటీసు కాయితం పోయిన సోమవారం రాయించినాం. వేలిముద్ర వేస్తా, ఇది మన్రో దొరకు పోతుందా అని అడిగింది. లేదవ్వా, ఆఫీసుకే అని చెప్పినా. బండ ఇంకా అట్లనే ఉంది. దానిమీద ఎవురో కంపకొమ్మ వేసినారు.