క్లోమరసమునకు దారి

సిద్దిపేట ప్రాంతమున చెరువును నమ్మి బ్రతికిన రైతునకు ఒక సత్యము తెలియును. కట్ట ఎంత బలమైనదైనను తూమును, అలుగును లేని చెరువు నిలువదు. నీటికి దారి చూపకున్నచో నీరే కట్టను తెంచి దారి చేసికొనును. మానవదేహమున క్లోమగ్రంథి విషయమును ఇట్టిదే. జీర్ణకోశము వెనుక దాగియున్న ఈ గ్రంథి మాంసమును, క్రొవ్వును, పిండిపదార్థమును అరిగించు రసమును స్రవించును. ఆ రసము ప్రేగులో ప్రవహించినంతవరకు ప్రాణాధారము. వెలుపల చిందినచో రక్తనాళములనే తినివేయును. ఈ గ్రంథిపై కత్తి పెట్టుటకు శస్త్రవైద్యులు వెఱచిన కాలమున ధైర్యమునకు వినయమును జోడించి ముందడుగు వేసినవాడు ఆలెన్ విప్పిల్.

ఆయన 1881లో పారశీకదేశమందలి ఉర్మియా పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు అమెరికానుండి వచ్చిన క్రైస్తవ మతప్రచారకులు. ప్రిన్స్‌టన్‌లో చదువు ముగించి, 1908లో కొలంబియా విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. 1921 మొదలు 1946 వరకు న్యూయార్కు ప్రెస్బిటీరియన్ ఆసుపత్రిలో శస్త్రచికిత్సాశాఖకు పెద్దయై నిలిచెను.

పైత్యరసనాళము ఆంత్రమూలమును కలియు చోట రాచపుండు పుట్టినచో రోగి కామెర్లతో కృశించి మరణించుట ఆనాడు పరిపాటి. బెర్లినులో వాల్తర్ కౌష్ 1909లోనే అట్టి గడ్డను తొలగించియుండెను గాని, ఆ త్రోవను నడచినవారు అరుదు. 1935లో విప్పిల్ తన సహచరులిద్దరితో కలిసి ముగ్గురు రోగుల వృత్తాంతమును ప్రకటించెను. ఆ ముగ్గురిలో మొదటి రోగి శస్త్రచికిత్స జరిగిన కొలదికాలమునకే మరణించెను. కుట్లు వేసిన దారము పశువుల ప్రేగులనుండి తీసినది. మాంసమును అరిగించు క్లోమరసము ఆ దారమునుగూడ అరిగించివేసెను, అతుకు విడిపోయెను. విప్పిల్ ఈ మరణమును దాచలేదు, విధిపై నెట్టలేదు. కారణము వెదకి, తరువాతి రోగులకు పట్టుదారముతో కుట్లు వేసెను. లోకమునకు తన విజయముతోపాటు వైఫల్యమునుగూడ తెలియజేసెను.

తొలుత ఈ చికిత్స రెండు దఫాలుగా సాగెడిది. కామెర్ల రోగికి రక్తము గడ్డకట్టకపోవుటయే అందుకు ముఖ్యకారణము. కె విటమిన్ వాడుకలోనికి వచ్చిన పిదప ఆ భయము తగ్గెను. 1940లో జీర్ణకోశమున పుండని తలచి ఒక రోగి ఉదరమును తెఱచిన విప్పిల్, గడ్డ క్లోమశిరస్సునందున్నట్లు కనుగొని, ఒకే దఫాలో దానిని తొలగించెను. నాటినుండి ఆ శస్త్రచికిత్స ఆయన పేరిటనే ప్రసిద్ధికెక్కెను.

అయినను క్లోమరసము కారుట అను చిక్కు నేటికిని తీరలేదు. అందువలననే శస్త్రవైద్యులు అతుకు చెంత మెత్తని డ్రెయిన్ గొట్టము నుంచి, కారిన రసమును వెలికి రప్పింతురు. ఇది దేహమునకు అమర్చిన తూము. ఇది అనవసరమని తలచినవారును కలరు. 2014లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో గొట్టము లేని రోగులలో మరణములు నూటికి మూడునుండి పండ్రెండునకు పెరుగగా, దానిని నడుమనే ఆపివేసిరి. అట్లని గొట్టమును చిరకాలము ఉంచుటయు క్షేమము కాదు. ఆ దారినే సూక్ష్మక్రిములు లోనికి చొచ్చును. వెలికి వచ్చు ద్రవమున అమైలేజు ఎంత కలదో కొలిచి, స్వల్పమైనచో మూడవనాటికే గొట్టమును తీసివేయుట మేలని 2010 నాటి ఇటలీ పరిశోధన తెలిపెను. తూమును తెఱచుట ఎంత అవసరమో, వేళకు మూయుటయు అంతే అవసరము.

విశ్రాంతికాలమున విప్పిల్ తన జన్మభూమిని మరువక, పూర్వపు నెస్టోరియను, ముస్లిము వైద్యుల చరిత్రను వ్రాసెను. 1963లో ప్రిన్స్‌టన్‌లో కన్నుమూసెను. ఆ గ్రంథము 1967లో వెలువడెను.

సిద్దిపేటలో ప్రభుత్వ వైద్యకళాశాల 2018లో వెలసినది. శస్త్రవైద్యము అభ్యసించు విద్యార్థి ఎచ్చటివాడైనను విప్పిల్ పేరు వినక తప్పదు. అతడు ఆ పేరుతోపాటు తెగిపోయిన ఆ మొదటి దారమునుగూడ గుర్తుంచుకొనుట మంచిది. తన చేతిలో జరిగిన పొరపాటును ఒప్పుకొన్న వైద్యునివలననే తరువాతి రోగి బ్రతుకును.